ఒకే గదిలో మూడు తరగతులు: కొత్త ఎస్జీటీ మొదటి నెల ఎలా నడపాలి

టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టు వచ్చి ప్రాథమిక పాఠశాలలో చేరినవాళ్లు మొదటి వారంలో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. "ఒకటి, రెండు, మూడు తరగతులు ఒకే గదిలో ఉన్నాయి. ఎవరికి పాఠం చెప్పాలి?" "మూడో తరగతి పిల్లవాడికి గుణింతాలే రావు. సిలబస్ ఎప్పటికి అవుతుంది?" "గొంతు పోయేలా అరిచినా వినడం లేదు. ఏం చేయాలి?" తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీ ప్రకటనలు వచ్చాయి. ఈ ప్రశ్నలు మోస్తున్నవాళ్లు ఎంతమంది ఉంటారో దాన్ని బట్టే ఊహించుకోవచ్చు.

టీచర్ శిక్షణ కోర్సు డీఎడ్‌లో రాసిన పాఠ్యపథకాలన్నీ ఒక గది, ఒక తరగతి, ఒక టీచర్ అన్న లెక్క మీద రాసినవి. బడిలో ఆ లెక్క కుదరదు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లే. ఐదు తరగతుల్ని ఇద్దరూ పంచుకోవాల్సిందే. కాబట్టి మీకొక్కరికే కష్టమైన బడి తగిలిందని కుంగిపోకండి.

మొదటి నెల సిలబస్ వెంట పరుగెత్తకండి. ఏ బిడ్డ ఎక్కడ ఆగిపోయిందో కనుక్కోవడమే ఈ నెలలో అసలు పని. అది తెలియకుండా చెప్పిన పాఠం సగం మందికి అందదు, అందనివాళ్లు అల్లరి చేస్తారు, అల్లరి చూసి మీరు అరుస్తారు. అదుపు సమస్య అని మీరనుకునేది చాలావరకు ఇక్కడే పుడుతుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- 200 పేజీల పొడుగు నోటుబుక్ ఒకటి. ఇది అధికారిక రికార్డు కాదు, మీ సొంతం. ఒక్కో బిడ్డకు రెండు పేజీలు కేటాయించండి.
- పాత శుభలేఖలు 40 నుంచి 50. తెల్లగా ఉన్న వైపు అక్షరాలు, పదాలు రాసుకోవచ్చు. చార్టు ముక్కలు నెలలో నలిగిపోతాయి, శుభలేఖ అట్ట ఏడాది ఆగుతుంది.
- ఒకే పొడవుకు విరిచిన చీపురు పుల్లలు 300, రబ్బరు బ్యాండ్లు 30. పదుల కట్టలు కట్టడానికి.
- చింతగింజలు రెండు గుప్పిళ్లు. జాగ్రత్త: ఒకటో తరగతి పిల్లలు వాటిని ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. వాళ్లకు సీసా మూతలు ఇవ్వండి.
- అందరికీ పలకలు, పైన రెండు మూడు ఎక్కువ. పలక పైకెత్తమంటే ఇరవై మంది రాసింది ఒక్క చూపులో కనిపిస్తుంది. నోటుబుక్కుల్లో అది కుదరదు.
- బొమ్మల కథల పుస్తకాలు. చాలా బడుల్లో ఇవి బీరువాలో తాళం కింద ఉంటాయి. హెచ్‌ఎం గారిని అడిగి బయటికి తీయించండి.
- ఫోన్‌లో స్టాప్‌వాచ్.

1. కాగితాల పని ముందే ముగించండి

జాయినింగ్ రిపోర్టు మూడు ప్రతులు రాయండి: బడికి ఒకటి, ఎంఈవో (మండల విద్యాధికారి) కార్యాలయానికి ఒకటి, సంతకం, ముద్ర వేయించుకుని మీ దగ్గర ఒకటి. తేదీ పక్కన పూర్వాహ్నమో అపరాహ్నమో తప్పకుండా రాయాలి. సర్వీసు లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుందో దాన్ని బట్టే ఉంటుంది. టెన్త్ మెమో, ఆధార్, పాన్ మూడింటిలో పేరు ఒకేలా ఉందో లేదో సర్వీసు రిజిస్టర్ తెరవకముందే చూసుకోండి. ఒకదానిలో ఇంటిపేరు పూర్తిగా, మరోదానిలో పొడి అక్షరంగా ఉంటే తర్వాత చాలా తిరగాల్సి వస్తుంది. ఉద్యోగి ఐడీ, ప్రాన్ (పెన్షన్ ఖాతా) నంబరు వచ్చేదాకా జీతం బిల్లు కదలదు. రెండు మూడు నెలల ఖర్చుకు డబ్బు చేతిలో ఉంచుకోండి.

2. మొదటి రెండు రోజులు పేర్లు నేర్చుకోండి

హాజరు పట్టీలో ఉన్న పేరు వేరు, పిల్లలు పిలుచుకునే పేరు వేరు. రెండూ మీ నోటుబుక్‌లో రాసుకోండి. ఎవరు ఎక్కడ కూర్చుంటారో గీసుకుని మొదటి రోజు పది పేర్లు, రెండో రోజు మిగతావి పట్టేయండి. "ఏయ్, నువ్వే" అని పిలిచినంతకాలం ఏ సూచనా పనిచేయదు. ఇంటిపేరు అడిగి కులం అంచనా వేసే అలవాటు మీ చుట్టూ ఉన్నా మీరు అలవర్చుకోకండి. పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు.

వంట చేసే అమ్మతో, ఆయమ్మతో ఐదు నిమిషాలు మాట్లాడండి. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో, ఏ పిల్లవాడు పొద్దున తినకుండా వస్తాడో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

3. ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించండి (మూడో రోజు నుంచి ఐదో రోజు వరకు)

ఒక్కొక్కరికీ ఏడు నిమిషాలు. 28 మంది ఉంటే మొత్తం మూడుంబావు గంటలు పడుతుంది, మూడు రోజులకు సర్దండి. మీరు ఒకరితో కూర్చున్నప్పుడు మిగతావాళ్లకు బొమ్మలు గీయడం, కథల పుస్తకాలు చూడడం లాంటి పని ఇవ్వండి. గదిలో మూలన గానీ, వరండాలో అందరూ మీకు కనిపించే చోట గానీ కూర్చోండి. మిగతావాళ్ల ముందు చదివిస్తే భయానికి తప్పు చదువుతారు, మీ లెక్క తప్పుతుంది.

తెలుగుకు ఆరు మెట్లు:

క) అక్షరాలు, వరుస మార్చి: ర, మ, గ, ఇ, ప.
చ) గుర్తుల్లేని పదాలు: వల, పడవ, కలప, నగ, అరక.
ట) గుణింతం ఉన్నవి: కాకి, మేక, పూలు, గోడ, నీరు.
త) ఒత్తు ఉన్నవి: అమ్మ, చెట్టు, బస్సు, పుస్తకం, చంద్రుడు.
ప) చిన్న పేరా: "మా ఇంటి ముందు వేప చెట్టు ఉంది. చెట్టు కింద మేక పడుకుంది. అక్క మేకకు ఆకులు వేసింది. మేక లేచి నిలబడింది."
య) ఎనిమిది, పది వాక్యాల కథ, ఆపైన రెండు ప్రశ్నలు.

మొదటి నాలుగు మెట్లలో ఐదింటికి నాలుగు సరిగ్గా చదివితే పై మెట్టుకు వెళ్లండి. ఎక్కడ ఆగితే అదే ఆ బిడ్డ మెట్టు. పదాలన్నీ ఒకే మెట్టుగా పరీక్షించేవాళ్లు చాలామంది ఉన్నారు. తెలుగుకు అది చాలదు. మన పిల్లలు ఎక్కువగా ఆగేది గుణింతం దగ్గర, ఆ తర్వాత ఒత్తుల దగ్గర. రెండింటికీ మందు వేరు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, కంఠస్థాన్ని చదువు అనుకోవడం. పాఠం మొత్తం గడగడా అప్పజెప్పే పాప పుస్తకం వంక చూస్తూ ఉంటుంది గానీ చదవదు. మూడో వాక్యం నుంచి ఒక పదం మీద వేలు పెట్టి, మిగతాది కాగితంతో కప్పి అడగండి. రెండోది, మధ్యలో అందించడం. "చె... చెట్..." అనగానే "చెట్టు" అని మనమే అనేస్తాం. పది అంకెలు మనసులో లెక్కపెట్టేదాకా నోరు విప్పకండి.

లెక్కలకు నాలుగు మెట్లు: 1–9 అంకెలు, 11–99 సంఖ్యలు, దశకం తెచ్చుకునే తీసివేత, భాగహారం. జవాబు తప్పయితే ఎలా చేశావో చెప్పమనండి. 52లోంచి 27 తీసేసి 35 అని రాసిన పిల్లవాడు అజాగ్రత్తగా చేయలేదు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలని నేర్చుకుని ఒకట్ల స్థానంలో 7లోంచి 2 తీశాడు. నూట ఐదును 1005 అని రాసే పాప విన్నది విన్నట్టు రాస్తోంది: నూరు, పక్కన ఐదు. ఈ రెండింటికీ పుల్లల కట్టలే మందు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి ఏడు విడి పుల్లలు ఇవ్వమనండి. కట్ట విప్పక తప్పదని తానే చెబుతుంది.

4. తరగతి పక్కనపెట్టి, మెట్టును బట్టి మూడు గుంపులు చేయండి

అక్షరాల దగ్గర, గుర్తుల్లేని పదాల దగ్గర ఆగినవాళ్లు ఒక గుంపు, గుణింతం, ఒత్తుల దగ్గర ఆగినవాళ్లు రెండో గుంపు, పేరా, కథ చదవగలవాళ్లు మూడో గుంపు. మూడో తరగతి పిల్లవాడు మొదటి గుంపులో పడవచ్చు, రెండో తరగతి పాప మూడో గుంపులో ఉండవచ్చు. ఉదయం మొదటి 90 నిమిషాలు (తెలుగు 50, లెక్కలు 40) ఈ గుంపులతో నడపండి, మిగతా రోజంతా తరగతుల వారీగా. తెలుగులో మూడో గుంపు పాప లెక్కల్లో మొదటి గుంపులో ఉండవచ్చు, కాబట్టి రెండింటికీ జాబితాలు విడిగా రాసుకోండి.

గుంపులకు గోదావరి, కృష్ణ, పెన్న అని పేర్లు పెట్టండి. ఒకటి, రెండు, మూడు అంటే పిల్లలు రెండో రోజుకే తమను ర్యాంకులుగా చూసుకుంటారు. రెండు వారాలకోసారి మళ్లీ పరీక్షించి మార్చండి. మారని గుంపు ముద్రగా మిగిలిపోతుంది.

తోటి టీచర్ ఒప్పుకుంటే ఐదు తరగతుల పిల్లల్నీ కలిపి గుంపులు చేసి ఇద్దరూ పంచుకోండి. ఏకోపాధ్యాయ బడి అయితే గుంపులు రెండే పెట్టండి. మూడు ఒక్కరి వల్ల కాదు.

5. 40 నిమిషాల పీరియడ్ ఇలా విడగొట్టండి

మొదటి 5 నిమిషాలు అందరితో కలిసి: పాట, పొడుపుకథ, లేదా నోటిలెక్క. తర్వాత గుంపుకు 10 నిమిషాల చొప్పున మూడు గుంపులతో మీరు కూర్చోవాలి. చివరి 5 నిమిషాలు పలకలు పైకెత్తించి చూడడం.

ఇది నడవాలంటే ముందు పని ఇచ్చి తర్వాత పాఠం మొదలుపెట్టాలి. చాలామంది ఒక గుంపుకు పాఠం మొదలుపెట్టి, మిగతావాళ్లు గోల చేశాక వాళ్లకు పని వెతుకుతారు. ఆ పని కూడా మీ సాయం లేకుండా పది నిమిషాలు సాగేదై ఉండాలి. "చూసి రాయండి" అంటే మూడు నిమిషాల్లో అయిపోతుంది, నేర్చుకునేదీ ఉండదు. ఇవి నడుస్తాయి:

- మొదటి గుంపు: 20 అక్షర కార్డుల్లోంచి తన పేరులోని అక్షరాలు, ఆపైన స్నేహితుల పేర్లలోవి వెతికి పేర్చడం. ద–ధ–థ, వ–మ, ప–ష లాంటి పోలిక ఉన్నవి ఒకేరోజు పరిచయం చేయకండి. వారం ఎడం ఇవ్వండి.
- రెండో గుంపు: ఒక గుర్తున్న పదాలు పాఠంలోంచి ఏరి పలక మీద రాయడం. ఈ రోజు గుడి ఉన్నవి, రేపు కొమ్ము ఉన్నవి.
- మూడో గుంపు: కథ చదివి, పక్కవాళ్లను అడగడానికి రెండు ప్రశ్నలు రాయడం.

గుణింతం గురించి ఒక మాట. "క కా కి కీ" అని పాటలా పాడే పిల్లలకు "కీ" ఒక్కటే చూపిస్తే మొదటి నుంచి పాడుకుంటూ వస్తారు. అడ్డంగా నేర్పిన ఫలితం ఇది. నిలువుగా నేర్పండి: ఒక గుర్తు తీసుకుని ని, మి, పి, రి, కి అని ఐదారు హల్లులకు తగిలించండి. వారానికి రెండు గుర్తులు చాలు. దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం ఈ వరుసలో వెళ్లండి. మొ, యొ రూపం మారిపోతుంది, వాటిని చివరికి ఉంచండి. ఒత్తుల్లో ముందు అమ్మ, అక్క లాంటి ద్విత్వాలు, ఆ తర్వాతే పుస్తకం, చంద్రుడు. "పుసకం" అని రాసే పిల్లవాడి చేత ఆ పదాన్ని చప్పట్లతో మూడు ముక్కలుగా పలికించండి: పుస్, త, కం. చెవికి వినిపించని ఒత్తు చేతికి రాదు.

6. కర్ర లేకుండా గదిని నిలబెట్టండి

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాక మానసిక వేధింపునూ నిషేధించింది. చెంపదెబ్బ, గోడకుర్చీ, "మొద్దు" అనే మాట అన్నీ దాని కిందికే వస్తాయి. "రెండు తగిలించండి సార్, మేమేమీ అనుకోం" అని తల్లిదండ్రులే చెబుతారు. వాళ్ల అనుమతి చట్టానికి లెక్కలోకి రాదు. పైగా కర్ర పట్టిన గదిలో పిల్లలు తప్పు చదువుతామన్న భయంతో చదవడమే మానేస్తారు.

ఒక చప్పట్ల వరుస పెట్టుకోండి: మీరు మూడు కొడితే వాళ్లు రెండు కొట్టి చేతులు కట్టుకోవాలి. మొదటి రెండు రోజులు దీన్ని ఆటలా పదిసార్లు ఆడించండి, గోల ఉన్నప్పుడే కాదు. అందరూ ఆగేదాకా మాట్లాడకండి. సగం మంది ఆగగానే మాట్లాడితే సూచన విలువ మూడో రోజుకే పోతుంది. నియమాలు మూడుకు మించకూడదు. పలకలు, నీళ్లు, కార్డుల బాధ్యత వారానికొకరికి ఇవ్వండి, ఎక్కువ అల్లరి చేసేవాళ్లతో మొదలుపెట్టండి.

ఒక పిల్లవాడు పదేపదే అడ్డు తగులుతుంటే ముందు నోటుబుక్ తీసి వాడి మెట్టు చూడండి. ఇచ్చిన పని మరీ కష్టమో, మరీ తేలికో అయి ఉంటుంది. పక్కన నిలబడి పాఠం కొనసాగించండి, బయటికి పంపకండి. విరామంలో ఇద్దరే ఉన్నట్టు మాట్లాడండి, కానీ అందరికీ కనిపించే చోట.

గది నిశ్శబ్దంగా ఉందా లేదా అన్నది కొలత కాదు. కళ్లు మూసుకుని అర నిమిషం వినండి. పది మాటల్లో ఏడు పని గురించి ఉంటే ఆ సందడి మంచిదే.

ఒక హెచ్చరిక. ఒంటిమీద దెబ్బలు, ఒక్కసారిగా మౌనం, ఇంటికి వెళ్లడానికి భయం కనిపిస్తే పట్టించుకోండి. లైంగిక వేధింపు అనుమానం ఉంటే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. బిడ్డను గుచ్చి గుచ్చి ప్రశ్నించకండి, ఊళ్లో పేరు బయట పెట్టకండి. పిల్లల సాయానికి 1098 హెల్ప్‌లైన్ ఉంది.

7. ఇంటి మాటను గదిలోకి రానివ్వండి

పుస్తకంలో "ఉల్లిపాయ" అని ఉంటే పిల్ల "ఉల్లిగడ్డ" అనో "ఎర్రగడ్డ" అనో అంటుంది. తప్పు అనకండి, రెండూ బోర్డు మీద పక్కపక్కన రాయండి. ఏజెన్సీ బడుల్లో గోండి, కోయ, కువి, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలుంటే మొదటి వారంలోనే పెద్ద పిల్లల సాయంతో 40 మాటలు నేర్చుకోండి: రా, కూర్చో, చూడు, నీళ్లు, ఆకలి, నొప్పి, అమ్మ. "పిల్లలు మాట్లాడరు" అని కొత్త టీచర్లు రాసే ఫిర్యాదు చాలాసార్లు భాష దగ్గరిదే. రెండు భాషల పాఠ్యపుస్తకంలో తెలుగు పేజీ మీద మాట్లాడించాకే ఇంగ్లిష్ పేజీకి వెళ్లండి. రోజుకు ఐదు కొత్త ఇంగ్లిష్ మాటలు మించొద్దు.

8. భోజనం, హాజరు

ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. 28 మంది ఉంటే బియ్యం 2.8 కిలోలు, పప్పు 560 గ్రాములు. తూకం మీ ఎదురుగా జరగాలి. వడ్డించేముందు టీచర్ రుచి చూసి రిజిస్టర్‌లో రాయాలి. తిన్నవాళ్లను లెక్కపెట్టాకే సంఖ్య వేయండి, పొద్దున హాజరు చూసి వేయకండి. తనిఖీల్లో దొరికే తేడా ఎక్కువగా ఇక్కడే. పిల్లలు కులం వారీగా విడివిడి వరుసల్లో కూర్చుంటుంటే మొదటి రోజే గుంపుల వారీగా కూర్చోబెట్టి, మధ్యలో మీరూ కూర్చుని తినండి.

9. వారానికి రెండిళ్లకు వెళ్లండి

సాయంత్రం పొలం పని నుంచి వచ్చే వేళకు, బిడ్డ రాసిన పలకో నోటుబుక్కో పట్టుకుని వెళ్లండి. మొదట బిడ్డకు వచ్చింది చెప్పండి, తర్వాతే రానిది. పక్కింటివాళ్ల ముందు ఫిర్యాదు చేస్తే ఆ రాత్రి బిడ్డ దెబ్బలు తింటుంది, మర్నాడు బడికి రాదు. పత్తి, మిరప కోతలకు వలస వెళ్లే ఊళ్లలో ఎవరు ఏ నెలలో వెళ్తారో ముందే రాసుకోండి. వలస వెళ్లేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా సీజనల్ హాస్టల్ పెట్టే వీలుందేమో ఎంఈవో గారిని వలస మొదలవకముందే అడగండి, తర్వాత అడిగి లాభం లేదు.

10. ముప్పయ్యో రోజు ఫలితం చూడండి

అదే పరీక్ష మళ్లీ పెట్టండి, కానీ పదాలు, పేరా మార్చండి. పేరా చదివేవాళ్లకు ఒక్క నిమిషం స్టాప్‌వాచ్ పెట్టి, చదివిన పదాల్లోంచి తప్పులు తీసేయండి. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి చివరికి కనీసం 60, అదీ అర్థం చేసుకుంటూ చదవాలి. వేగం ఉండి ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ చదువు ఇంకా కుదరలేదని లెక్క.

నెలలో ఒక్క మెట్టు ఎక్కితే చాలా మంచి ఫలితం. కొందరు అక్కడే ఉంటారు. అప్పుడు ఈ వరుసలో వెతకండి. హాజరు: నెలలో ఎన్ని రోజులు వచ్చింది? సాధన: మీ పక్కన కూర్చుని గట్టిగా చదివిన నిమిషాలు వారానికి 20 అయినా ఉన్నాయా? ఆ తర్వాత కళ్లు, చెవులు: బోర్డు దగ్గరికి వచ్చి చూస్తోందా, వెనక నుంచి పిలిస్తే తిరగడం లేదా? అలాంటివాళ్ల పేర్లు రాసి ఉంచి, పిల్లల ఆరోగ్యం పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వచ్చినప్పుడు ముందు వాళ్లనే చూపించండి.

పాఠ్యపథకం విషయానికి వస్తే, గైడులోంచో వాట్సాప్‌లోంచో దించిన నాలుగు పేజీలు ఎవరికీ ఉపయోగపడవు. రోజుకు ఆరు వరుసలు రాయండి: మూడు గుంపులకు ఏ పని, ఏ సామగ్రి, చివర్లో ఏం చూస్తాను, నిన్న ఏం కుదరలేదు. తనిఖీకి వచ్చినవారు "సిలబస్ ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే ఎంత అయిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆపైన పొడుగు నోటుబుక్ తెరిచి, చేరిన వారంలో అక్షరాల దగ్గర ఎంతమంది ఉన్నారో, ఈ రోజు ఎంతమంది ఉన్నారో చూపించండి. వీలైతే అందులో ఒకరిని పిలిచి, అధికారి తెరిచిన పేజీనే చదివించండి.